వెన్నుపూసల మాల

వెన్నుపూసలు ఇరవై నాలుగు. మెడలో 7, ఛాతీలో 12, నడుములో 5. డాక్టరీ చదివే పిల్లలు వరస తప్పకుండా వాటిని నైలాన్ తాడుకు గుచ్చి మాలలా పెట్టుకుంటారు. మట్టిలోంచి తీసినవాటికి ఆ తాడు ఉండదు. సగం విరిగి, సగం మట్టి పట్టి, సంచిలో కుప్పగా వస్తాయి. ఆ కుప్పని మళ్లీ మాల చేయడంతో మా పని మొదలవుతుంది.

పాత సమాధుల్లో దొరికిన మనుషుల ఎముకల మీద రోగాల జాడ వెతకడం నా వృత్తి. అందులోనూ వెన్ను, కీళ్లు నా భాగం. ఇరవై రెండేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ పనిలోకి రావాలనుకునే పిల్లలకి మొదటి రోజే ఒక మాట చెబుతాను. పుస్తకం తర్వాత చూద్దురుగాని, ముందు వేళ్లకి నేర్పండి. నాకు అలా నేర్పింది మా ల్యాబ్‌లో ఎముకలు శుభ్రం చేసే పెద్దాయన. ఆయన్ని కాకా అనేవాళ్లం. పదో తరగతి దాటి చదవలేదు. ప్రొఫెసర్లు కూడా పూసల లెక్క తేలకపోతే ఆయన్నే పిలిచేవాళ్లు.

చేరిన వారంలో నాకు పదిహేడు పూసలున్న తట్ట ఇచ్చారు. నేను పరిమాణం చూసి చిన్నది పైన, పెద్దది కింద పేరుస్తున్నాను. కాకా వెనక నిలబడి కాసేపు చూసి, "గట్ల కాదు బిడ్డా, ముందు తాళంచెవి దొరకబట్టు" అన్నాడు. కుప్పలోంచి ఒక పూస తీసి నా బొటనవేలు దాని వెనకవైపు కీళ్ల మీద పెట్టించాడు. పైనున్న రెండు కీళ్లు పలకల్లా చదునుగా వెనక్కి చూస్తున్నాయి. కింద రెండూ వంపు తిరిగి పక్కలకి చూస్తున్నాయి. "పైన ఛాతీ తీరు, కింద నడుము తీరు. ఇది పన్నెండోది. ఇది దొరికితే ఇటు పైకి పో, అటు కిందికి పో." ఆ తర్వాత ప్రతి పూసా పక్కదానిలో తాళంలా పడాలి. పడ్డప్పుడు చిన్న చప్పుడు కూడా వస్తుంది. పడకపోతే ఆ పూస ఇంకో మనిషిది అయ్యుండొచ్చు. రాకాసి గుళ్లని మనవాళ్లు పిలిచే పెద్ద రాళ్ల సమాధుల్లో చాలాసార్లు ఒకే గూట్లో ఇద్దరు ముగ్గురి ఎముకలు కలిసి ఉంటాయి. అక్కడ ఈ తాళం విద్య రాకపోతే ఇద్దరి రోగాలు కలిపి ఒకరికి అంటగట్టేస్తాం.

ఎముకని నీళ్లలో ముంచకండి. మెత్తటి కుంచె, వెదురు పుల్ల చాలు. పూస ముందరి భాగం లోపల స్పాంజిలా ఉంటుంది, నీళ్లు తాగి ఆరేటప్పుడు పెచ్చులూడుతుంది. బల్ల మీద నల్లగుడ్డ పరిచి, ఇసుక పోసిన తట్టలో పూసలు నిలబెట్టి, టార్చిలైటు పక్కనుంచి వేయండి. పైనుంచి పడే వెలుతురులో ఏమీ కనబడదు. పక్కనుంచి వేస్తే ప్రతి గుంటకీ నీడ పడుతుంది, ప్రతి ముల్లూ లేచి నిలబడుతుంది.

వెన్నులో రెండు రకాల అతుకులున్నాయి. ఇది మొదట్లో తెలుసుకోకపోతే తర్వాత రాసిందంతా కొట్టేసుకోవాలి. పూసకీ పూసకీ మధ్య ముందువైపు డిస్క్ ఉంటుంది. వెనకవైపు కుడి ఎడమల చిన్న కీళ్లుంటాయి. అవి మోకాలి లాంటి అసలైన కీళ్లు, ఎముక చివర్ల మీద గుజ్జు, మధ్యలో జిగురు నీరు. డిస్క్ పలచబడితే పూస అంచు చుట్టూ చూరులా ఎముక పెరుగుతుంది. అది డిస్క్ అరుగుదల. వెనక కీలు అరిగితే అది ఆస్టియో ఆర్థరైటిస్. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, కానీ రెండింటినీ ఒకే గడిలో రాయకూడదు. ఇక పూస పైపలక మీద పెసరగింజంత గుంట కనబడితే అది ష్మోర్ల్ గుంట. డిస్క్ లోపలి గుజ్జు పలకని తోసుకుని ఎముకలోకి దిగిన చోటు. జర్మనీలో డ్రెస్డెన్ వైద్యుడు ష్మోర్ల్ పేరు దానికి పెట్టారు. పిల్లలు దాన్ని చూసి పురుగు తొలిచిందనుకుంటారు. నేను అందుకు తలకిందులుగా పొరబడ్డాను, అది తర్వాత చెబుతాను.

కీలు అరుగుదలకి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం నునుపు. ఈబర్నేషన్ అంటారు, మా ల్యాబ్‌లో మాత్రం 'నిగ్గు' అంటాం. గుజ్జంతా పోయి ఎముక ఎముకతో రాసుకున్నప్పుడు ఆ చోటు ఏనుగు దంతంలా మెరుస్తుంది. టోనీ వాల్డ్రన్ అనే బ్రిటిష్ వైద్యుడు పెట్టిన నియమం మేం పాటిస్తాం. నిగ్గు కనబడితే అదొక్కటే చాలు. అది లేకపోతే నాలుగింటిలో కనీసం రెండుండాలి: అంచున ఎముక పెరగడం, కీలు ముఖం మీద కొత్త ఎముక, సన్నటి రంధ్రాలు, కీలు ఆకారం మారడం. అంచున ఒక్క ముల్లు చూసి ఆర్థరైటిస్ అని రాసేస్తే యాభై దాటిన ప్రతి మనిషీ రోగే అవుతాడు.

నా మొదటి నిగ్గు ఇప్పటికీ చేతిలో ఉన్నట్టే ఉంది. ఒక మోకాలి చిప్ప. మన దగ్గర "మోకాలి చిప్పలు అరిగిపోయాయి" అనని ఇల్లు లేదు. ఆ మాట నిజంగా ఎముక మీద ఎలా ఉంటుందో ఆరోజు చూశాను. చిప్ప లోపలిముఖంలో బయటివైపు సగం రూపాయి బిళ్లంత మేర అద్దంలా ఉంది. లైటు పక్కకి తిప్పితే ఆ మెరుపులో సన్నని గీతలు, పైనుంచి కిందికి, దువ్వెనతో దువ్వినట్టు. అదే తట్టలోంచి తొడ ఎముక తీసి కింది చివర చూశాను. అక్కడా అంతే మేర మెరుపు, అవే గీతలు. చిప్పని తొడ ఎముక మీద పెట్టి మెల్లగా పైకీ కిందికీ జరిపితే గీత గీతలో పడి జారింది. ఎన్ని వందల ఏళ్ల క్రితమో ఒక మనిషి కూర్చుని లేచిన ప్రతిసారీ జరిగిన కదలిక నా వేళ్ల మధ్య జరిగింది. వెంటనే మా సార్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన చూసి, "బాగుంది. రెండో కాలు చూశావా?" అన్నారు. చూడలేదు. రెండో చిప్ప దొరకనే లేదు. "అయితే అదీ రాయి" అన్నారు.

ఆ మాట ఈ వృత్తికి మూలస్తంభం. దొరకని ఎముకకి రోగం లేదని రాయకూడదు. నా పట్టికలో ప్రతి కీలుకీ ముందు గడి ఒకటే: ఉందా, లేదా? ఉంటేనే పక్క గడికి వెళ్లాలి. పుణె దగ్గర ఇనాంగావ్ పేరు వినే ఉంటారు. దక్కన్ కాలేజీ వాళ్లు 1968 నుంచి 1983 వరకు తవ్విన తామ్రశిలాయుగపు ఊరు. అక్కడ పెద్దవాళ్లని పాతిపెట్టేముందు పాదాలు చీలమండ కింద నరికేశారు. ఎందుకన్నది పండితులు తేల్చుకోవాలి. నాకు కావాల్సింది ఒకటే. గౌట్ జబ్బు ముందుగా కాలి బొటనవేలి మొదటి కీలులో పడుతుంది, పక్కన కొడవలి అంచుతో గుంట తొలుస్తుంది. పాదాలు లేని సమాధుల్లో దాన్ని వెతికేచోటు లేదు. అక్కడ గౌట్ "లేదు" అని కాదు రాయాల్సింది, "చూడ వీల్లేదు" అని.

నేను చేసిన పొరపాటు చెబుతానన్నాను. రెండో ఏడాదిలో ఒక చేతి వేలి ఎముకల చివర చిన్న చిన్న గుంటలు కనబడ్డాయి. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో చేతివేళ్ల మొదట్లో కీళ్ల అంచులు ఇలాగే తినుకుపోతాయని చదివి ఉన్నాను. మన దేశంలో పాత ఎముకల్లో అది అరుదైన సంగతి. రాత్రంతా కూర్చుని నాలుగు పేజీలు రాశాను. పొద్దున్నే కాకా భూతద్దం నా చేతికిచ్చి గుంట అంచు చూడమన్నాడు. అంచు కత్తితో కోసినట్టు ఉంది. లోపలి రంగు బయటికన్నా తెలుపు. "బతికున్నప్పుడు పడ్డ గుంట అయితే అంచు గుండ్రంగ మొద్దువారుతది బిడ్డా. రంగు గూడ ఒక్కటే ఉంటది. ఇది చెదలు." నాలుగు పేజీలూ చింపేశాను. అప్పటినుంచి ఏ గుంట చూసినా మొదట అంచు, తర్వాత రంగు, ఆ తర్వాతే రోగం పేరు. వేరు పాకిన గాడి, ఎలుక పన్ను గీత, పార తగిలిన గాటు, ఈ మూడూ తీసేశాక మిగిలిందే మనది.

అంతకన్నా పెద్ద దెబ్బ నాలుగో ఏడాదిలో తగిలింది. పోల్చి చూసుకోవడానికి ఒక వైద్య కళాశాల అనాటమీ విభాగం నుంచి పాత ఎముకల పెట్టె తెప్పించుకున్నాం. అందులో తొమ్మిది పూసలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఒకే కర్రలా ఉన్నాయి. అతుక్కున్న వెన్నుకి దారులు కొన్నే. ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అయితే పూసల అంచుల మధ్య సన్నటి నిలువు వంతెనలు కట్టి వెదురు కణుపుల్లా కనిపిస్తాయి, త్రికాస్థికీ తుంటికీ మధ్య కీలు రెండువైపులా మూసుకుపోతుంది. డిష్ అనే ఇంకో జబ్బుంది, 1950లో ఫారెస్టియర్, రోటెస్ కెరోల్ వర్ణించారు. అందులో ఛాతీ పూసల కుడి పక్కన కొవ్వొత్తి కరిగి కారినట్టు ఎముక కారుతుంది, డిస్క్‌ల చోటు మాత్రం చెడదు. ఎడమవైపు పెద్ద రక్తనాళం కొట్టుకుంటూ ఉంటుంది కాబట్టి అటు సాధారణంగా పెరగదు. క్షయ అయితే వేరు. పర్సివల్ పాట్ 1779లో రాసిన జబ్బు అది. పూస ముందుభాగం కరిగి కూలిపోయి మనిషి గూనివాడవుతాడు, పూస వెనక కమాను తరచు బాగానే ఉంటుంది. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. చూశాను, ఫొటోలు తీశాను, ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ అని రాసి సార్ బల్ల మీద పెట్టాను.

సార్ కాగితం చదవలేదు. "చేతిలోకి తీసుకున్నావా?" అని అడిగారు. ఫొటో తీయడానికి స్టాండు మీద పెట్టానే తప్ప చేతిలో తూచలేదు. ఆయన ఆ తొమ్మిది పూసల ముక్క నా రెండు చేతుల్లో పెట్టారు. రాయిలా బరువుంది. ఆంకిలోసింగ్ స్పాండిలైటిస్ ముదిరిన వెన్ను చాలాసార్లు లోపల గుల్లబారి తేలికైపోతుంది. ఇది అందుకు పూర్తిగా విరుద్ధం. "ముంజేతి ఎముకలు తియ్యమ్మా" అన్నారు. తీశాను. రెండు ఎముకల మధ్య పొర అతుక్కునే అంచు పొడవునా రంపపు పళ్లలా లేచి ఉంది. తుంటి ఎముక మీద స్నాయువులు పట్టుకునే ప్రతిచోటా ఎముక ముళ్లు. వెన్ను కాలువ ఎంత ఇరుకైపోయిందంటే, నా చిటికెనవేలు దూరలేదు. అప్పుడాయన అన్నారు: "మీ ఊరి జబ్బు కదమ్మా ఇది."

మాది నల్లగొండ జిల్లా. మా నాయనమ్మ మెడ తిప్పలేక, పిలిస్తే మొత్తం మనిషే తిరిగి చూసేది. వీధిలో ఆమె వయసువాళ్లు సగంమంది నేలచూపుతో నడిచేవాళ్లు. ఫ్లోరోసిస్ అనే మాట నేను బడికంటే ముందే విన్నాను. అది ఎముకలోపల ఏం చేస్తుందో మాత్రం ఆరోజు వరకు చేత్తో పట్టుకోలేదు. ఈ జబ్బుని మన దేశంలో మొదట వైద్యపత్రికకి ఎక్కించింది కూడా మన నేలమీదనుంచే: 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అప్పటి నెల్లూరు జిల్లా గురించి రాశారు. నల్లగొండ మీద సిద్దిఖీ వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ఆ వ్యాసాలు రెండూ ఆ రాత్రే చదివాను. చదివిందంతా మా వీధే.

ఆ రోజు నేర్చుకున్నది ఇది. అతుక్కున్న వెన్ను దొరికితే వెన్నుని ఒక్కదాన్నే చూసి పేరు పెట్టకండి. మొత్తం ఒంటిని పరచండి. తుంటి కీలు, ముంజేయి, మడమ, పళ్లు. చిన్నతనం నుంచి ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగినవాళ్లయితే పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. ఇంకో జాగ్రత్త కూడా. మట్టిలో పడున్న ఎముక భూగర్భజలంలోని ఫ్లోరైడ్‌ని ఏళ్ల తరబడి పీల్చుకుంటుంది. ఇంగ్లండ్‌లో పిల్ట్‌డౌన్ మనిషివని చెప్పిన ఎముకలు నకిలీవని 1953లో తేలడానికి దారి వేసిన పరీక్షల్లో ఈ గుణం మీద ఆధారపడ్డదీ ఒకటి. కాబట్టి పాత ఎముకలో ఫ్లోరైడ్ ఎక్కువుందని రసాయన పరీక్ష చెప్పినంత మాత్రాన ఆ మనిషికి ఫ్లోరోసిస్ ఉన్నట్టు కాదు. ఎముక ఆకారమూ బరువూ సాక్ష్యం చెప్పాలి.

ఇక అసలు చిక్కు. కొత్తవాళ్లందరినీ లాగే కోరిక ఒకటుంది: అరిగిన కీలు చూసి ఆ మనిషి ఏం పని చేసేవాడో చెప్పడం. నన్నూ లాగింది. ఒక నవీన శిలాయుగపు స్త్రీ మోచేయి అరిగి ఉంటే "ధాన్యం నూరిన ఇల్లాలు" అని శీర్షిక కూడా పెట్టేశాను. నాయనమ్మ వెన్ను చూసినదాన్ని, ఆమె చేతుల్ని కూడా అందులో చూసుకున్నానేమో. సార్ ఆ శీర్షిక కొట్టేసి రెండు వ్యాసాలు చదవమని ఇచ్చారు. రెండూ 1989వే. ఒకటి కెన్నెత్ కెనడీది. దక్షిణాసియా అస్థిపంజరాల మీద జీవితమంతా పనిచేసిన అమెరికన్ ఆయన. ఎముక మీద పడే పని గుర్తులన్నీ ఏర్చికూర్చారు. రెండోది వాల్డ్రన్, మార్గరెట్ కాక్స్ కలిసి రాసింది. లండన్‌లో స్పిటల్‌ఫీల్డ్స్ చర్చి నేలమాళిగలో 1984–86 మధ్య వెయ్యికి దగ్గరగా శవపేటికలు బయటికి తీశారు. వాటిలో 387 మందికి పేటిక మీద పేరు, వయసు చెక్కిన రేకులున్నాయి. అది పట్టునేత పేట. ఎవరు నేతగాళ్లో కాగితాల్లో దొరికింది. నేతగాళ్ల చేతులు, నేత తెలియని వాళ్ల చేతులు పక్కపక్కన పెట్టి చూశారు. నేతపనికీ చేతి కీళ్ల అరుగుదలకీ సంబంధం కనబడలేదు. పని తెలిసిన చోటే ఎముక పని చెప్పలేదంటే, పని తెలియని చోట నేను ఎలా చెబుతాను? వయసు, శరీరబరువు, తల్లిదండ్రులనుంచి వచ్చిన గుణం, పాత దెబ్బ, ఇవన్నీ కలిసి కీలుని అరగదీస్తాయి.

అలాగని ఎప్పుడూ చెప్పకూడదనీ కాదు. సిరియాలో అబూ హురేరా అనే పాత ఊరి ఎముకలు చూసిన థియా మోలెసన్ 1994లో స్త్రీలు మోకాళ్ల మీద కూర్చుని ధాన్యం నూరేవాళ్లని రాశారు. ఆమె ఒక్క మోచేయి పట్టుకుని ఆ మాట అనలేదు. కాలి బొటనవేళ్లు, మోకాళ్లు, నడుము, ఈ మూడుచోట్లా మార్పులు ఎక్కువగా స్త్రీలలో కనబడ్డాయి. నూరే రాళ్లు కూడా అదే ఊళ్లో దొరికాయి. నా చేతిలో ఉన్నది ఒక మోచేయి. తేడా అక్కడుంది.

ఒక్క అస్థిపంజరం ఎంత దూరం దారి తప్పిస్తుందో చెప్పే పెద్దవాళ్ల కథ ఒకటుంది. ఫ్రాన్స్‌లో లా షాపెల్‌లో 1908లో దొరికిన నియాండర్తల్ ముసలాయన్ని చూసి మార్సెలిన్ బూల్ ఆ జాతంతా మోకాళ్లు వంచి ముందుకు వాలి నడిచేదని వర్ణించాడు. ఆ బొమ్మ పాఠ్యపుస్తకాలకి ఎక్కింది. 1957లో స్ట్రాస్, కేవ్ అవే ఎముకలు మళ్లీ తీసి చూసి, ఆయన వెన్నుకి తీవ్రమైన ఆర్థరైటిస్ ఉందనీ, ఆ జాతి నడక మన నడకలాంటిదేననీ రాశారు. అవే ఎముకలు, మళ్లీ చూసిన కళ్లు.

నొప్పి గురించి అందరూ అడుగుతారు. "పాపం, ఎంత బాధపడి ఉంటుందో?" నాకూ అనిపిస్తుంది. కానీ రాయను. ఎక్స్‌రేలో మోకాలు పూర్తిగా అరిగినా పొలం పనికి పోయేవాళ్లున్నారు, ఎక్స్‌రే శుభ్రంగా ఉండి మంచం దిగలేని వాళ్లూ ఉన్నారు. బతికున్నవాళ్ల దగ్గరే లెక్క కుదరనిది చనిపోయినవాళ్ల తరఫున నేను చెప్పకూడదు. చెప్పగలిగింది ఒకటుంది. అతుక్కున్న వెన్నుతో, గూనితో, కదలని తుంటితో మనిషి ఏళ్లపాటు బతికి ఉంటే ఆ ఎముక మార్పులు చాలాకాలం నడిచినట్టు కనబడతాయి. ఆ ఏళ్లు ఆ మనిషికి తిండీ నీళ్లూ అందుతూనే గడిచాయి. నేను పూసల్ని తట్టలో సర్దేటప్పుడు ఆ మాట తలుచుకుంటాను.

కాకా పోయి ఆరేళ్లయింది. ఆయన వెదురు పుల్లలు ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి. కొత్తవాళ్లకి వాటితోనే మట్టి తీయడం నేర్పుతాను.

తవ్వకాలకి వెళ్లే పిల్లలకి నాదొక విన్నపం. పాతరోజుల్లో పుర్రెలు దాచి మిగతా ఎముకలు పట్టించుకోనివాళ్లు చాలామంది. అందుకే ఎన్నో చోట్ల మనకి ముఖాలున్నాయి, వెన్నుల్లేవు. పుర్రె దొరికిందని సంబరపడి పూసల్ని గోనెసంచిలో పడేయకండి. మట్టిలో అవి ఏ వరసలో పడుకున్నాయో అదే వరసలో ఫొటో తీసి ఎత్తండి. చేతుల కింద, పాదాల కింద మట్టిని సన్న జల్లెడ పట్టండి, వేలి ఎముకలు గులకరాళ్లలా ఉండి జారిపోతాయి. ఎడమ చేయి ఒక సంచి, కుడి చేయి ఒక సంచి. మెడ, ఛాతీ, నడుము వేరువేరు సంచులు. ప్రతి సంచిలో ఒక చీటీ వేయండి. చీటీ పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా చెమ్మకి చెరిగిపోతుంది.